చింతపండు పులుపు, అన్నభేది, పటాన్‌చెరు నీళ్ళు

ఉగాది సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు మురుగునీటి చరిత్ర రాస్తానన్నాను. పండగపూట ఇదేం గోల అని పైకి అనలేదు గాని, ఫోనులో కాసేపు మాట వినిపించలేదు. ఏం చేయను, నా వృత్తి అది. ఇరవై ఏళ్ళుగా దక్షిణ కాలిఫోర్నియాలో నేను చేస్తున్నది వాడి పారబోసిన నీటిని మళ్ళీ తాగేందుకు పనికొచ్చేలా చేసే పనే. ఐనా ఈ కథ ఉగాది పచ్చడి దగ్గరే మొదలవుతుంది, కనుక పండగకు పూర్తిగా పరాయిదేమీ కాదు.

పచ్చడిలో పులుపు కోసం మనం పిసికే చింతపండులో ఉండే ఆమ్లం పేరు టార్టారిక్ ఆమ్లం. నిమ్మకాయ పులుపు వేరు, పెరుగు పులుపు వేరు. చింతపండుకు, ద్రాక్షకు మాత్రం ఈ ఆమ్లమే ముఖ్యం. ద్రాక్షసారా పీపాల అడుగున పేరుకున్న మడ్డినుంచి దీన్ని తీయడం యూరప్‌లో పాతకాలం నుంచీ తెలిసిన విద్య, అందుచేత అక్కడి ప్రయోగశాలల్లో ఈ ఆమ్లం సీసా సులువుగా దొరికేది. 1876లో కేంబ్రిడ్జిలో హెన్రీ ఫెంటన్ అనే ఇరవైరెండేళ్ళ కుర్రవాడు ఈ ఆమ్లంలో కాస్త అన్నభేది, కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి, ఆపైన క్షారం కలిపి చూస్తే చక్కటి ఊదారంగు వచ్చింది. ఆ సంగతి ఒక రసాయన పత్రికకు చిన్న ఉత్తరంగా రాసి పంపాడు.

అన్నభేది అంటే ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. ఇనుముకు సంబంధించిన ఆకుపచ్చ లవణం అది, ఫెర్రస్ సల్ఫేట్. వెనకటికి మన ఊళ్ళలో కరక్కాయల కషాయంలో అన్నభేది కలిపి సిరా తయారు చేసేవారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ అయితే అందరికీ తెలిసిందే, దెబ్బ తగిలితే పోస్తే బుసబుసా నురగ వచ్చే మందునీళ్ళు. విడివిడిగా రెండూ సాధువులే. కలిస్తే మాత్రం చింతపండు ఆమ్లాన్ని చీల్చి మరో పదార్థంగా మార్చేస్తున్నాయి. ఫెంటన్ ఆ పదార్థం ఏమిటో తేల్చుకోడానికి చాలా ఏళ్ళు తీసుకున్నాడు. పూర్తి వ్యాసం 1894లో గాని అచ్చు కాలేదు. నీళ్ళు శుభ్రం చేద్దామన్న ఊహే ఆయనకు లేదు. ఆయన 1929లో పోయేనాటికి కూడా ఆ ఊహ ఎవరికీ రాలేదు. ఈనాడు ప్రపంచమంతటా మురుగునీటి ఇంజనీర్లు ఈ మిశ్రమాన్ని ఆయన పేరు పెట్టే పిలుస్తారు.

ఆ సీసాలో నిజంగా చీల్చే పని చేసేదెవరు? దీనికి సమాధానం 1934లో ఫ్రిట్జ్ హాబర్, జోసెఫ్ వైస్ అనే ఇద్దరు చెప్పారు. హాబర్ మామూలు మనిషి కాడు. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఎరువుల పరిశ్రమకు దారి వేసి నోబెల్ బహుమతి తీసుకున్నవాడు, మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువు ప్రయోగాన్ని దగ్గరుండి జరిపించినవాడూ ఆయనే. యూదుడవడంచేత 1933లో జర్మనీ వదిలిపెట్టవలసి వచ్చింది, మరుసటి జనవరిలో స్విట్జర్లండ్‌లో పోయాడు. ఈ వ్యాసం ఆయన పోయాకే పూర్తిగా వెలువడింది. వాళ్ళు చెప్పినది ఇదీ: ఇనుము తగిలినప్పుడు పెరాక్సైడ్ రెండుగా విరిగి హైడ్రాక్సిల్ రాడికల్ అనే ముక్క పుడుతుంది. ఎనభైల్లో వరంగల్లో చదువుకున్న మా పెద్దలకు రాడికల్ అంటే వేరే అర్థం తోస్తుంది గాని, రసాయన శాస్త్రంలో జత లేని ఎలక్ట్రాను గల ముక్కను అలా అంటారు. ఆ జత కోసం అది ఎవరినైనా పట్టుకుంటుంది. పుట్టిన లిప్తలోనే, సెకనులో లక్షోవంతుకంటే తక్కువ కాలంలోనే, పక్కనున్న ఏ బణువుమీదనైనా పడి ఒక హైడ్రోజన్ పరమాణువును లాక్కుంటుంది, లేదా ఒక బంధాన్ని తెంపుతుంది. ఆక్సీకరణ బలం కొలిచే వోల్టుల లెక్కలో క్లోరిన్‌ది 1.36, ఓజోన్‌ది 2.07, ఈ రాడికల్‌ది 2.8. నీళ్ళలో మనం పుట్టించగలిగినవాటిలో దీనికంటే బలమైనవి చాలా తక్కువ.

సరే, ఇంత బలం ఎందుకు? మామూలు మురుగునీటికి అక్కర్లేదు. మనం వంటింట్లో, స్నానాల గదిలో వదిలే మలినాన్ని సూక్ష్మజీవులు ఇష్టంగా తింటాయి. వాటికి గాలి ఆడేట్టు చూస్తే చాలు. చిక్కల్లా సూక్ష్మజీవులు ఎన్నడూ చూడని బణువులతోనే వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత రసాయన పరిశ్రమ వేలకొద్దీ కొత్త పదార్థాలు తయారు చేసింది. ఇనుపభాగాల మీద గ్రీజు కడిగే ట్రైక్లోరోఎథిలీన్, కొన్ని ద్రావకాలను నిలవ ఉంచడానికి కలిపే 1,4-డయాక్సేన్, పురుగుమందులు, రంగులు, ఔషధాలు. వీటిలో చాలాభాగాన్ని సూక్ష్మజీవులు ముట్టవు. కొన్నయితే సూక్ష్మజీవులనే చంపుతాయి. యాంటీబయోటిక్ మందు తయారు చేసేదే అందుకు కదా!

అమెరికాకు ఈ సంగతి మెల్లగా, కష్టపడి తెలిసింది. 1969లో క్లీవ్‌లండ్ దగ్గర కయహోగా నది మీద చమురు మండింది. 1970లో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఏర్పడింది, 1972లో పరిశుభ్ర జలాల చట్టం వచ్చింది. 1978లో లవ్ కెనాల్ బయటపడ్డాక, 1980లో సూపర్‌ఫండ్ చట్టం. అప్పుడు భూగర్భజలాలు పరీక్షించడం మొదలుపెడితే ఎక్కడ చూసినా ఈ ద్రావకాలే. ఇంజనీర్లు మొదట అందుకున్న పద్ధతులు రెండు. ఒకటి, నీళ్ళను ఎత్తైన గోపురం లాంటి గొట్టంలో పైనుంచి జారవిడిచి కిందినుంచి గాలి ఊదడం. ద్రావకం గాలిలోకి లేచిపోతుంది, నీళ్ళు శుభ్రం, గాలి సంగతి దేవుడికి తెలియాలి. రెండోది, బొగ్గుపొడి గుండా వడకట్టడం. విషం బొగ్గును అంటుకుంటుంది, నీళ్ళు శుభ్రం, ఆ బొగ్గును ఎక్కడ వేయాలన్నది మళ్ళీ ప్రశ్న. నా మట్టుకు నాకు మురుగునీటి చరిత్రలో సగానికి సగం ఈ తరలింపు కథే అనిపిస్తుంది. మన ఇంట్లో చెత్త పక్కింటి గోడవతల వేసి ఇల్లు ఊడ్చామని చెప్పుకోవడం. తరలించడం వేరు, నిర్మూలించడం వేరు. ఫెంటన్ గారి సీసాకు మళ్ళీ గిరాకీ వచ్చింది ఇక్కడే, ఎందుకంటే రాడికల్ బణువును మోసుకుపోదు, ముక్కలు చేస్తుంది. చివరిదాకా సాగనిస్తే మిగిలేది బొగ్గుపులుసు గాలి, నీరు, కాసిని లవణాలు.

ఐతే అన్నభేది పద్ధతికి నీళ్ళు బాగా పుల్లగా, పీహెచ్ మూడు దగ్గర ఉండాలి. పైగా పని అయ్యాక తుప్పురంగు మడ్డి మిగులుతుంది. అందుకని రాడికల్‌ను వేరే దారుల్లో పుట్టించడం మొదలుపెట్టారు. పెరాక్సైడ్ మీద అతినీలలోహిత కాంతి వేయడం ఒకటి, ఓజోన్‌తో పెరాక్సైడ్ కలపడం ఒకటి, టైటానియం డయాక్సైడ్ పొడి మీద వెలుగు ప్రసరింపజేయడం మరొకటి. ఈ చివరిదానికి మూలం 1972లో జపానులో ఫుజిషిమా, హోండా గార్ల ప్రయోగం. 1987లో విలియం గ్లేజ్, ఆయన సహచరులు వీటన్నింటిలోనూ పనిచేసేది ఆ ఒక్క రాడికలే కదా అని అన్నింటినీ ఒక గొడుగు కిందికి తెచ్చి అడ్వాన్స్‌డ్ ఆక్సిడేషన్ ప్రాసెసెస్ అని పేరు పెట్టారు. 1989లో సాన్ హోసేలో పాత రసాయన పీపాలు కడిగి అమ్మిన ఒక స్థలంలో, అతినీలలోహిత కాంతి, ఓజోన్, పెరాక్సైడ్ మూడూ వాడే యంత్రాన్ని ఈపీఏ వారు పెట్టి భూగర్భజలం మీద పరీక్షించారు. ఫలితం బాగానే వచ్చింది. కరెంటు బిల్లు కూడా బాగానే వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం ఈ పద్ధతి సూపర్‌ఫండ్ స్థలాల్లో అక్కడక్కడ కనిపించే ఖరీదైన వస్తువుగానే ఉండిపోయింది.

దాన్ని ఊరి నీళ్ళ స్థాయికి తెచ్చింది మా పక్కనున్న ఆరెంజ్ కౌంటీ. డిస్నీలాండ్ ఉన్న కౌంటీ అంటే మన పిల్లలందరికీ తెలుసు. అక్కడ వానలు తక్కువ, బావుల నుంచి తోడుకోవడం ఎక్కువ, తోడినకొద్దీ సముద్రపు ఉప్పునీరు భూమిలోకి చొరబడేది. 1976లో వాటర్ ఫ్యాక్టరీ 21 అని ఒక కర్మాగారం కట్టి, మురుగునీటిని శుద్ధిచేసి తీరం వెంట భూమిలోకి ఎక్కించి ఉప్పునీటికి అడ్డుకట్టగా నిలిపారు. మురుగునీటిని తాగునీటి ప్రమాణానికి తేవడానికి రివర్స్ ఆస్మాసిస్ పొరలు వాడిన మొదటి చోటు అది. ఇరవైనాలుగేళ్ళు గర్వంగా నడిచాక, 2000లో ఆ నీళ్ళలో ఎన్‌డీఎంఏ అనే పదార్థం కనిపించింది. మన డాక్టర్లకు ఈ పేరు బాగా గుర్తుండాలి. 2018లో రక్తపోటు మందు వాల్సార్టాన్‌ను, 2020లో కడుపుమంట మందు రానిటిడిన్‌ను అంగళ్ళనుంచి వెనక్కు తీయించింది ఇదే. కాలిఫోర్నియా దీనికి పెట్టిన హెచ్చరిక మట్టం లీటరుకు పది నానోగ్రాములు, అంటే లక్ష కోట్ల పాళ్ళ నీటిలో పది పాళ్ళు. తర్వాత రెండేళ్ళకు 1,4-డయాక్సేన్ కూడా బయటపడింది. రెండూ చిన్న బణువులు, విద్యుదావేశం లేనివి, పొరలోంచి దూరి వచ్చేస్తాయి.

అప్పుడు ఆరెంజ్ కౌంటీ వారు చేసినవి రెండు పనులు. మొదటిది, ఆ డయాక్సేన్ ఎక్కడినుంచి వస్తోందని మురుగుకాలవ వెంబడి వెనక్కు వెతుక్కుంటూ పోయారు. ఎక్కువభాగం ఒకే ఒక పరిశ్రమనుంచి వస్తోందని తేలింది, ఆ పరిశ్రమవారు వదలడం మానుకున్నారు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు అవసరం పడుతుంది. రెండోది, పొరల తర్వాత అతినీలలోహిత దీపాలు, పెరాక్సైడ్ పెట్టారు. ఎన్‌డీఎంఏను ఆ కాంతే నేరుగా విరగ్గొడుతుంది. డయాక్సేన్‌ను రాడికల్ విరగ్గొడుతుంది. 48 కోట్ల 10 లక్షల డాలర్లతో కట్టిన ఈ కొత్త కర్మాగారం 2008 జనవరిలో మొదలైంది. అప్పుడు రోజుకు 7 కోట్ల గాలన్లు, 2015లో 10 కోట్లు, 2023లో 13 కోట్లు. పెరాక్సైడ్ కలిపేది లీటరుకు సుమారు మూడు మిల్లీగ్రాములు మాత్రమే. మురుగునీటినుంచి ఇలా భూగర్భాన్ని నింపదలచినవారు ఆక్సీకరణ అంచె పెట్టి తీరాలనీ, డయాక్సేన్‌లో కనీసం 69 శాతం విరగ్గొట్టినట్టు రుజువు చూపాలనీ 2014లో కాలిఫోర్నియా నిబంధనగానే రాసింది.

ఆ నీళ్ళు చివర కుళాయిలో పట్టి సందర్శకులకు ఇస్తారు. నేను తాగాను. మా అమ్మ ఇండియానుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. "ఎంగిలి నీళ్ళు కాదుట్రా?" అంది. "గంగలో కలిసినవన్నీ పవిత్రమే అంటావు కదమ్మా, ఇదీ అంతే అనుకో" అన్నాను. ఆవిడ తాగలేదనుకోండి. ఆవిడను తప్పుపట్టడానికి లేదు. ఇక్కడివాళ్ళే టాయిలెట్ టు ట్యాప్ అని ఎగతాళి చేసి, లాస్ ఏంజిలిస్‌లో ఇలాంటి పథకాన్ని 2000 ప్రాంతంలో ఆపించారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. ఈ రాడికల్ మహా బలశాలి, కాని గుడ్డిది. దానికి విషమని, ఉప్పని తేడా లేదు. నీళ్ళలో బైకార్బొనేట్లు, క్లోరైడ్లు, కుళ్ళిన ఆకుల రసం ఏవి ఎక్కువగా ఉంటే వాటిమీదే పడి ఖర్చైపోతుంది. అందుకే ఆరెంజ్ కౌంటీలో ముందు పొరలతో నీళ్ళను దాదాపు స్ఫటికంలా చేసి, మిగిలిన ఆ ఒకటి రెండు దొంగ బణువులమీదికి మాత్రమే దీన్ని వదులుతారు. పొరలు ఆపిన మలినమంతా ఏమైందంటే, అది చిక్కటి ఉప్పునీరుగా సముద్రంలోకి పోతుంది. అక్కడ జరిగేది తరలింపేనని మేమూ ఒప్పుకోవాలి. ఇంకొక హద్దు కూడా ఉంది. అరిజోనాలో టూసాన్ విమానాశ్రయం ప్రాంతంలో ట్రైక్లోరోఎథిలీన్ పడిన భూగర్భజలాన్ని 1994 నుంచి గాలి ఊది శుభ్రం చేసేవారు. డయాక్సేన్ కూడా ఉందని తేలడంతో 2014లో అతినీలలోహిత, పెరాక్సైడ్ కర్మాగారం కట్టారు. అది చక్కగా పనిచేసింది. కాని 2021లో ఆ నీళ్ళలో పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు పెరిగిపోతే సరఫరా ఆపేయవలసి వచ్చింది. ఫ్లోరిన్, కర్బనం పట్టిన పట్టును ఈ రాడికల్ కూడా విడిపించలేదు.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. హైదరాబాదు నుంచి బొంబాయి రోడ్డు మీద పోతే పటాన్‌చెరు. 1972లో అక్కడ ఇక్రిశాట్ వచ్చింది, మెట్టపంటల పరిశోధనకు ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. డెబ్భైలలో, ఎనభైలలో అదే చుట్టుపక్కల, బొల్లారంలో, ఖాజీపల్లిలో, పాశమైలారంలో వెనకబడిన జిల్లా రాయితీలతో ఫ్యాక్టరీలు వెలిశాయి. బాలానగర్‌లో కేంద్రప్రభుత్వం పెట్టిన ఐడీపీఎల్‌లో మందుల రసాయనం నేర్చుకున్న మన తెలుగు శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు ఎందరో బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ అంజిరెడ్డి గారు వారిలో ఒకరు. ప్రపంచానికి చవకగా మందులందించిన ఘనత వీరిది. ఆ ఘనతను నేను తక్కువ చేయను. ఈ దేశంలో మన డాక్టర్లు రాసే చీటీల్లో ఎన్ని ఆ గడ్డమీద పుట్టిన మందులో లెక్క కట్టడం కష్టం.

మా మేనమామది సంగారెడ్డి పక్క ఊరు. వేసవి సెలవులకు బస్సులో పోతుంటే పటాన్‌చెరు రాగానే కండక్టరు చెప్పకుండానే జనం కిటికీలు మూసేవారు. కుళ్ళిన పండు, స్పిరిటు కలిసినట్టుండే ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తే. "గదేం జూస్తవ్‌రా, నక్కవాగుల నీళ్ళు జూడు, ఎద్దు గూడ మూతి వెడ్తలేదు" అనేవాడు మామ. ఇసకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. వాగు పక్క పొలాలు చవిటి నేలలయ్యాయి, బావుల నీళ్ళు రంగు మారాయి. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్ రావు గారు ఈ విషయం మీద దశాబ్దాలపాటు పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. అక్కడినుంచి అది హైకోర్టుకు, హైకోర్టునుంచి హరిత ట్రిబ్యునల్‌కు తిరిగింది.

1994లో ఫ్యాక్టరీలన్నింటికీ కలిపి ఉమ్మడి శుద్ధికేంద్రం నడక మొదలైంది. ఫ్యాక్టరీల వ్యర్థాలు ట్యాంకర్లలో అక్కడికి వచ్చేవి. అన్నింటినీ ఒకచోట కలిపేవారు. సూక్ష్మజీవులకు తిండి ఉండాలి కనుక ఊళ్ళ మురుగునీరు కూడా కలిపేవారు. చిన్న చిన్న ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ శుద్ధియంత్రం పెట్టుకోలేవు కనుక ఉమ్మడిగా పెట్టుకోవాలన్న ఆలోచన వినడానికి సబబుగానే ఉంటుంది. సబ్బు ఫ్యాక్టరీలకో, పాల ఫ్యాక్టరీలకో అయితే సబబే. మందుల ఫ్యాక్టరీలకు కాదు.

2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్సన్, ఆయన సహచరులు ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి పోయే నీటిని పరీక్షించి ప్రచురించారు. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థం అక్కడికి వచ్చేది, రోజుకు 15 లక్షల లీటర్లు. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. డాక్టర్లకు చెప్పనక్కర్లేదు గాని, మిగతావారి కోసం: 500 మిల్లీగ్రాముల మాత్ర మింగిన రోగి రక్తంలో ఆ మందు గరిష్ఠంగా ఉండేది లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు. రోగి రక్తంలోకంటే కాలవలో మందు పదిరెట్లు ఎక్కువన్నమాట! గుణించి చూస్తే రోజుకు నలభై కిలోల పైమాట, అంటే ఎనభై వేల మాత్రలు వాగుపాలు. 2009లో అదే బృందం వారు చుట్టుపక్కల చెరువుల్లో, ఊరి బావుల్లో కూడా మందుల అవశేషాలు కనుక్కున్నారు. ఊరి మురుగులోని కోట్ల సూక్ష్మజీవులను, వాటిని చంపే మందును ఒకే తొట్టిలో కలిపి నెలలకొద్దీ గాలి ఊదితే ఏమౌతుంది? చావగలిగినవి చస్తాయి, మందుకు లొంగనివి మిగిలి పిల్లలను పెడతాయి. ఆ వాగు అడుగు బురదలో మందులకు లొంగని జన్యువులు విపరీతంగా ఉన్నాయని 2011లో మరో వ్యాసం వచ్చింది. మా ఆవిడ అంటువ్యాధుల డాక్టరు. ఈ లెక్కలు నేను భోజనాల బల్ల దగ్గర చదివి వినిపిస్తే, "ఇది శుద్ధికేంద్రం కాదు, లొంగని క్రిములకు ట్రైనింగు కాలేజీ" అంది.

దీనికి ప్రభుత్వం వారు కనిపెట్టిన మార్గం ఏమిటో తెలుసా? పద్ధెనిమిది కిలోమీటర్ల గొట్టపు మార్గం. 2009 నుంచి పటాన్‌చెరు నీళ్ళు ఆ గొట్టంగుండా హైదరాబాదు మురుగుకాలవలో కలిసి, అంబర్‌పేటలోని రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల నగర మురుగు కేంద్రానికి పోసాగాయి. అక్కడినుంచి మూసీలోకి. మంజీర గోదావరికి ఉపనది, మూసీ కృష్ణకు ఉపనది. గోదావరి పరీవాహకపు విషాన్ని కృష్ణ పరీవాహకానికి దాటించారు. నక్కవాగు రైతులకు కొంత ఊరట కలిగిందంటే కాదనను. నల్లగొండలో మూసీ నీళ్ళతో పంట పండించుకునే రైతు ఏం పాపం చేశాడు? అంబర్‌పేటలో అంత నీటిలో కలిసినందువల్ల మందు పలచబడుతుంది, పలచబడ్డది కనుక కొలతలో తక్కువగా కనబడుతుంది. బణువులు మాత్రం ఎన్ని బయల్దేరాయో దాదాపు అన్నీ వచ్చి చేరుతాయి.

అడ్వాన్స్‌డ్ ఆక్సిడేషన్ పెట్టి ఉంటే పటాన్‌చెరు బాగుపడేదా అని నన్ను మిత్రులు అడుగుతుంటారు. ఉమ్మడి కేంద్రం చివర పెడితే బాగుపడదు. ఉప్పు, ద్రావకాలు, మురుగు అన్నీ కలిసిన ఆ నీటిలో గుడ్డి రాడికల్‌ను వదలడమంటే కొండను తవ్వి ఎలుకను పట్టడమే. పెరాక్సైడ్ ట్యాంకర్లు వస్తూనే ఉండాలి, కరెంటు మీటరు తిరుగుతూనే ఉండాలి, సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రం తన వంతు కోసం క్యూలో నిల్చునే ఉంటుంది. అదే ఫ్యాక్టరీ గుమ్మంలో, ఆ మందు కడిగిన తొలి కడుగునీళ్ళను, ఇతర నీళ్ళతో కలవకముందు పట్టుకుంటే? అవి రోజుకు కొద్ది పీపాలు. పుల్లగా చేసి అన్నభేది, పెరాక్సైడ్ వేసి కలిపితే మందు బణువు తన చంపే గుణం పోగొట్టుకునేంతగా విరుగుతుంది. పూర్తిగా బూడిద చేయనక్కర్లేదు, కోరలు పీకితే చాలు, మిగిలిన ముక్కల్లో చాలావాటిని సూక్ష్మజీవులే తింటాయి. ఖర్చులో ఎంత తేడా అంటే, ఇల్లంతా కాల్చి నల్లిని చంపడానికీ, మంచం కోడు విదిలించడానికీ ఉన్నంత. ఆరెంజ్ కౌంటీవాళ్ళు కాలవ వెంబడి వెనక్కు నడిచి ఆ ఒక్క పరిశ్రమ గుమ్మం దాకా పోయిన సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. పటాన్‌చెరులో లోటు రసాయన విద్యలో కాదు. ఫెంటన్ మిశ్రమం తెలియని కెమిస్టు ఆ ఊళ్ళో ఉండడు. ఎవరి గుమ్మం ముందు ఏ బణువు ఎంత పోతోందని అడిగే లెక్క అక్కడ లేదు. వ్యర్థాన్ని సీఓడీ అనే ఒకే అంకెతో కొలిచి ట్యాంకరెక్కించేవారు. ఆ అంకెలో చక్కెరా ఒకటే, సిప్రోఫ్లాక్సాసినూ ఒకటే.

తర్వాతి కాలంలో పెద్ద కంపెనీలు చాలా వరకు జీరో లిక్విడ్ డిశ్చార్జ్ అని వ్యర్థాన్ని ఉడికించి, ఆవిరిని నీరుగా వాడుకుని, మిగిలిన ఉప్పుమట్టిని పూడ్చడానికి పంపే పద్ధతికి వచ్చాయి. నక్కవాగు పోసుకున్నదానికంటే ఇది ఎంతో మేలు. అదీ ఒక తరలింపేనని నా గొణుగుడు.

ఆ లెక్క అడిగే నిబంధన ఒకసారి గుమ్మందాకా వచ్చి వెనక్కు పోయింది. 2020 జనవరిలో భారత పర్యావరణ శాఖ మందుల ఫ్యాక్టరీల నీటిలో 121 యాంటీబయోటిక్‌లకు ఒక్కొక్కదానికి గరిష్ఠ పరిమితి రాసి ముసాయిదా విడుదల చేసింది. ప్రపంచంలో ఎక్కడా లేని నిబంధన, మన డాక్టర్లు, ఇంజనీర్లు చాలామంది సంతోషించారు. 2021 ఆగస్టులో అసలు నిబంధనలు వచ్చేసరికి ఆ పట్టిక అందులో లేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయోటిక్ ఫ్యాక్టరీల వ్యర్థం మీద మొదటిసారి మార్గదర్శక సూత్రాలు ప్రకటించింది. అవి సలహాలు, చట్టం కాదు.

కొనేవాళ్ళు అడిగితే మాత్రం అమ్మేవాళ్ళు వింటారు. నార్వేలో ఆసుపత్రుల తరఫున మందులు కొనే ప్రభుత్వ సంస్థ 2019 నుంచి యాంటీబయోటిక్ టెండర్లలో ధరతోబాటు పర్యావరణ రక్షణకు కూడా మార్కులు వేయడం మొదలుపెట్టింది. ఇక్కడ, అమెరికాలో, మనం మందులషాపునుంచి తెచ్చుకునే నారింజరంగు సీసా మీద ఆ మందు అసలు రసాయనం ఏ ఊళ్ళో తయారైందో రాయనక్కర్లేదు. మన సంఘంలో ఆసుపత్రుల మందుల కొనుగోలు కమిటీల్లో కూర్చునే డాక్టర్లు కొందరున్నారు. ఈ వ్యాసం రాస్తూ వారిలో ఇద్దరికి ఫోన్ చేసి, కొటేషను ఫారంలో వ్యర్థాల గురించి ఏమైనా అడుగుతారా అని కనుక్కున్నాను. అలాంటి గడి లేదన్నారు. ఒకాయన మాత్రం వచ్చే నెల మీటింగులో అడుగుతాను, ఏం రాయాలో నువ్వు ఒక పేజీలో రాసి పంపు అన్నారు. పంపాను.